అమెరికాలో పాటల టొరెంట్‌కి కాపీరైట్ నోటీసు వస్తే: మీ పేరు ఎవరి దగ్గరుంది, ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

అడిగిన ప్రశ్న ఇది: "టెక్సాస్‌లో ఎం.ఎస్. చేస్తున్న మా తమ్ముడికి ఇంటర్నెట్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. టొరెంట్‌లో ఏదో ఇంగ్లిష్ ఆల్బమ్ దించారని మ్యూజిక్ కంపెనీ ఫిర్యాదు చేసిందట. ఫ్లాట్‌లో నలుగురుంటారు, నెట్ కనెక్షన్ వీడి పేరు మీద ఉంది. మెయిల్ కింద సెటిల్ చేసుకోమని లింకు కూడా ఉంది. కట్టేస్తే వదిలిపోతుందా? వీడి పేరు వాళ్ళకి ఎవరిచ్చారు? వీసాకి ఏమన్నా ఇబ్బందా?"

మెయిల్ మీరు చెప్పినట్టే ఉంటే, మ్యూజిక్ కంపెనీకి మీ తమ్ముడి పేరు ఇంకా తెలియదండీ. వాళ్ళ దగ్గరున్నది ఒక ఐపీ అడ్రసు (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు), ఒక టైము. పేరు ఉన్నది ఇంటర్నెట్ కంపెనీ దగ్గర. మీ వాడు ఆ లింకు నొక్కి కార్డు నంబరు కొట్టాడంటే, వాళ్ళు కోర్టుకెళ్ళి సంపాదించుకోవలసిన పేరూ చిరునామా తన చేత్తో తనే ఇచ్చినట్టు. కాబట్టి డబ్బు కట్టొద్దు, అందులోని నంబరుకి ఫోన్ చెయ్యొద్దు, జవాబు రాయొద్దు. అలాగని మెయిల్ డిలీట్ కూడా చెయ్యొద్దు, దాంతో పనుంది.

ఐపీ వాళ్ళకి దొరకడానికి ఎవరూ కంప్యూటర్లోకి చొరబడనక్కర్లేదు. టొరెంట్‌లో ఒక ఫైలు దించుకునేవాళ్ళంతా ఒక గుంపు. ఎవరి దగ్గర ఏ ముక్క ఉందో తెలియాలంటే అందరి ఐపీలూ అందరికీ కనబడాల్సిందే. రికార్డు కంపెనీలు పెట్టుకున్న నిఘా సంస్థ కూడా మామూలు వాడకందారులా ఆ గుంపులో చేరుతుంది. కనబడిన ఐపీ నుంచి ఒకటో రెండో ముక్కలు తెప్పించుకుని, టైముతో సహా నమోదు చేసుకుంటుంది. "నేను దించుకున్నానంతే, ఎవరికీ పంపలేదు" అని మీ వాడు అనొచ్చు. ఫైలు దిగుతున్నంతసేపూ, అప్పటిదాకా వచ్చిన ముక్కల్ని ఆ ప్రోగ్రామ్ పక్కవాళ్ళకి పంపుతూనే ఉంటుంది. వాళ్ళు పట్టుకునేది ఆ పంపడాన్నే. ఎంపీత్రీ సైట్లలోంచి నేరుగా దించుకున్నవాళ్ళకి ఇలాంటి నోటీసులు దాదాపుగా రాకపోవడానికి కారణం కూడా ఇదే, అక్కడ ఐపీ తెలిసేది సైటు నడిపేవాడికే. అది తక్కువ ప్రమాదం అనుకోకండి, దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు మెయిల్ అడుగుభాగం చూడండి. అక్కడ కోడ్‌లా గజిబిజిగా ఒక ముక్క ఉంటుంది, చాలామంది దాన్ని చదవరు. అసలు సరుకంతా అందులోనే: ఐపీ అడ్రసు, పోర్టు నంబరు, ఫైలు పేరు, సైజు, హ్యాష్ అనే పొడవాటి అక్షరాల వరస, తేదీ, టైము. టైము చివర జడ్ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది యూటీసీ, అంటే గ్రీనిచ్ టైము. ఎల్ పాసో వైపు తప్ప టెక్సాస్ అంతటా దానికి చలికాలంలో 6 గంటలు, వేసవిలో 5 గంటలు తగ్గించుకోవాలి. 03:12 అని ఉంటే, అక్కడ ముందురోజు రాత్రి 9:12 గానీ 10:12 గానీ అవుతుంది. ఆ సమయానికి ఫ్లాట్‌లో ఎవరున్నారు, చుట్టాలెవరైనా వచ్చారా, ఎవరి ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంది అన్నది ఇప్పుడే గుర్తు చేసుకుని, మీ వాడి దగ్గరే, కాగితం మీద రాసి పెట్టుకోమనండి. ఆరు నెలలయ్యాక ఎవరికీ గుర్తుండదు.

టైము విషయంలో పొరపాట్లు నిజంగానే జరుగుతాయి. ఇళ్ళ కనెక్షన్లలో ఐపీ మారుతూ ఉంటుంది. ఈ గంట మీ వాడిది, తర్వాతి గంట పక్క వీధిలో ఇంకొకరిది కావొచ్చు. లాగ్ చూసేవాళ్ళు టైము మార్చుకోవడంలో ఒక్క గంట తప్పినా నోటీసు వేరే ఇంటికి పోతుంది. మొబైల్ నెట్‌వర్కుల్లో, కొన్ని వైర్‌లెస్ ఇంటర్నెట్ కంపెనీల్లో ఒకే ఐపీని ఒకేసారి చాలామంది వాడతారు. అక్కడ పోర్టు నంబరు కూడా కలిస్తే తప్ప మనిషిని పట్టలేరు. రౌటర్ పేజీలో ఇప్పుడున్న బయటి ఐపీ, నోటీసులోని ఐపీ ఒకటేనా అని చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. వేరుగా ఉన్నంత మాత్రాన నోటీసు తప్పని కాదు, మారి ఉండొచ్చు. అయినా ఉంచుకోవలసిన ఆధారమే.

ఇక పేరు ఎవరిచ్చారన్నదానికి జవాబు: ఎవరూ ఇవ్వలేదు. ఇంటర్నెట్ కంపెనీయే తన లాగ్ చూసుకుని, వచ్చిన ఫిర్యాదును మీ వాడికి పంపింది. మధ్యలో ఈ అడ్డు మిగలడం వెనక పెద్ద తగాదానే నడిచింది. 1998 నాటి డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టంలో 512(హెచ్) అనే సెక్షన్ ఉంది. దాని కింద దావా వెయ్యకుండానే, జడ్జి చూడకుండానే, కోర్టు గుమాస్తా సంతకంతో సబ్‌పీనా, అంటే వివరాలు ఇవ్వమనే ఆదేశం, తెచ్చుకోవచ్చు. 2002 జులైలో రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ, కజా అనే పాటలు పంచుకునే ప్రోగ్రామ్‌లో ఒక్కరోజులో 600కు పైగా పాటలు అందుబాటులో పెట్టిన ఒక వాడకందారు పేరు చెప్పమని ఇలాంటి సబ్‌పీనాతో వెరైజన్ అనే ఇంటర్నెట్ కంపెనీని అడిగింది. వెరైజన్ చెప్పనంది. 2003 జనవరిలో వాషింగ్టన్ జిల్లా కోర్టు జడ్జి జాన్ బేట్స్ పేరు ఇవ్వాల్సిందే అని తీర్పిచ్చారు. ఆ ఏడాది ఆర్ఐఏఏ వెయ్యికి పైగా సబ్‌పీనాలు తెచ్చుకుంది. సెప్టెంబరు 8న ఒకేసారి 261 మంది మీద దావాలు వేసింది. డిసెంబరు 19న డీసీ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. ఆ సెక్షన్ తమ సర్వర్లో ఫైలు దాచిపెట్టే కంపెనీలకే వర్తిస్తుంది, తీగ మీద డేటా అటూ ఇటూ పంపే కంపెనీ దగ్గర తొలగించడానికి ఏమీ ఉండదు కాబట్టి దానికి వర్తించదు అన్నది తర్కం. 2005లో చార్టర్ అనే మరో ఇంటర్నెట్ కంపెనీ కేసులో ఎనిమిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది.

వెరైజన్ అడ్డం తిరిగింది అచ్చంగా కస్టమర్ల మీద ప్రేమతోనే అనుకోనక్కర్లేదు. వేల సబ్‌పీనాలకి లాగ్‌లు వెతకడం వాళ్ళకీ ఖర్చే. ఏదైతేనేం, మేలు జరిగింది. ఒక ఐపీ, ఒక ఫారం, కొద్దిపాటి ఫీజు ఉంటే చాలు, మీ పేరూ చిరునామా ఎవరి చేతికైనా వెళ్ళే దారి మూసుకుపోయింది. పాటల కంపెనీకి తెరిచిన దారిలో వెంటపడే ఉన్మాది కూడా రావొచ్చు కదా, అక్కడ ఆపి చూసేవాళ్ళెవరూ లేరు.

ఆ తర్వాత 2004 జనవరి నుంచి దావా వేసే పద్ధతి మారింది. ముందు పేరు తెలియని జాన్ డో మీద ఫెడరల్ కోర్టులో దావా వెయ్యాలి, కారణాలు చూపి జడ్జి అనుమతితో సబ్‌పీనా తెచ్చుకోవాలి. ఇప్పటికీ ఇదే దారి. మొత్తం మీద 2008 చివరికి దాదాపు 35 వేల మంది మీద చర్యలు తీసుకుని, ఆ డిసెంబరులో గుంపు దావాలు ఆపేస్తున్నామని ఆర్ఐఏఏ ప్రకటించింది. ఆ అయిదేళ్ళలో తప్పుగా తగిలినవాళ్ళూ ఉన్నారు. మసాచుసెట్స్‌లో 66 ఏళ్ళ ఆవిడ మీద కజాలో ర్యాప్ పాటలు పంచిందని దావా వేశారు. ఆవిడ దగ్గరున్నది మెకింతోష్, దాని మీద కజా నడవనే నడవదు. దావా వెనక్కి తీసుకున్నారు. వెస్ట్ వర్జీనియాలో అప్పటికే చనిపోయిన 83 ఏళ్ళ ఆవిడ మీద కూడా దావా పడింది. ఐపీ ఎప్పుడూ చూపించేది కనెక్షన్‌ని, మనిషిని కాదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

జరిమానాలు చూస్తే భయం వెయ్యడం సహజం. చట్టం ప్రకారం ఒక్కో పాటకి కనీసం 750 డాలర్లు, మామూలుగా 30,000 దాకా, కావాలని చేశారని తేలితే 1,50,000 దాకా వెయ్యొచ్చు. మిన్నెసోటాలో ఒకావిడకి 24 పాటలకి 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు వేసింది. రెండో విచారణలో అది 19,20,000 అయింది, మూడోసారి 15 లక్షలు, చివరికి 2012లో అప్పీలు కోర్టు మళ్ళీ 2,22,000 దగ్గరే నిలబెట్టింది. ఆ కేసులో ఆవిడను బాగా దెబ్బ తీసిన విషయం ఒకటుంది. కంప్యూటర్ చూపించమంటే ఇచ్చిన హార్డ్‌డిస్క్, పాటలు పంచిన నాటిది కాదు, తర్వాత మార్చినది. అందుకే చెప్తున్నాను: కోర్టు నుంచి గానీ లాయరు నుంచి గానీ కాగితం వచ్చాక ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టడం, డిస్క్ మార్చడం లాంటివి చేస్తే అసలు తప్పు కంటే అదే పెద్దదవుతుంది.

మీ వాడికి వచ్చినది ఏ రకం కాగితమో తేల్చుకోండి. మూడు రకాలుంటాయి. మొదటిది ఇంటర్నెట్ కంపెనీ పంపించే నోటీసు, బహుశా మీది ఇదే. ఇందులో కోర్టు పేరు, కేసు నంబరు ఉండవు. రెండోది "మీ వివరాలు ఇవ్వమని మాకు సబ్‌పీనా వచ్చింది, ఫలానా తేదీలోపు మీరు అభ్యంతరం పెట్టకపోతే ఇస్తాం" అని వచ్చే ఉత్తరం. కేబుల్ కంపెనీ అయితే పేరు ఇచ్చేముందు ఇలా తెలపడం చట్టం పెట్టిన షరతు. మూడోది నేరుగా సమన్లు. రెండు, మూడు వస్తే లెక్క వేరు, ఆ రోజే లాయరు కావాలి. యూనివర్సిటీల్లో చాలాచోట్ల విద్యార్థులకి ఉచితంగానో తక్కువకో సలహా ఇచ్చే న్యాయసేవా విభాగం ఉంటుంది, ముందు అక్కడ అడగండి. కేసు నంబరు నిజమో కాదో పేసర్ అనే ఫెడరల్ కోర్టుల సైటులో చూసుకోవచ్చు. పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో మొత్తం 30 డాలర్లు దాటకపోతే అసలు వసూలు చెయ్యరు.

మొదటి రకం నోటీసైనా అసలుదో కాదో చూడాలి, దొంగ నోటీసులు కూడా తిరుగుతుంటాయి. మెయిల్లోని లింకు నొక్కకుండా, ఇంటర్నెట్ కంపెనీ సైటు విడిగా తెరిచి ఖాతాలోకి వెళ్తే అక్కడ కూడా అదే హెచ్చరిక కనబడాలి. ఒకవేళ అసలుదే అయినా సెటిల్‌మెంట్ లింకుకి విలువ ఇవ్వక్కర్లేదు. ఒకప్పుడు రైట్స్‌కార్ప్ అనే సంస్థ ఇలాగే పాటకి 20, 30 డాలర్లు కట్టమని నోటీసులు గుట్టలుగా పంపేది. కాక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఇది బెదిరించి వసూలు చెయ్యడం లాంటిదని వాటిని కస్టమర్లకి పంపడానికి ఒప్పుకోలేదు. ఒక పాటకి కట్టినవాడికి ఇంకో పది నోటీసులు రావని ఎవరూ హామీ ఇవ్వరు. పైగా ఈసారి పేరుతో వస్తాయి.

ఇంకో పొరపాటు కౌంటర్ నోటీసు. నెట్‌లో వెతికితే నమూనాలు దొరుకుతాయి, నింపి పంపేస్తే ఫిర్యాదు కొట్టుకుపోతుందనుకుంటారు. అది యూట్యూబ్ లాంటి చోట మీరు పెట్టిన వీడియో తీసేస్తే తిరిగి పెట్టించుకోవడానికి. టొరెంట్ నోటీసుకి దాంతో పనిలేదు. అందులో పేరు, చిరునామా, ఫోను నంబరు రాయాలి, ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని సంతకం కూడా పెట్టాలి. అవతలివాళ్ళకి ఇంతకంటే కావలసిందేముంది? "నేను కాదు, మా రూమ్మేటు చేశాడు" అని ఇంటర్నెట్ కంపెనీకి మెయిల్ రాయడం కూడా అంతే తప్పు. మీ కనెక్షన్ నుంచే జరిగిందని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది.

అయితే మీ వాడు చెయ్యాల్సిన పని ఇంట్లో ఉంది. నలుగుర్నీ కూర్చోబెట్టి మాట్లాడాలి. టొరెంట్ ప్రోగ్రామ్ విండో మూసేసినా వెనకాల నడుస్తూనే ఉంటుంది, ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యగానే మళ్ళీ పంచడం మొదలెడుతుంది. దాన్ని పూర్తిగా ఆపి, స్టార్టప్ జాబితాలోంచి తీసెయ్యాలి. ఒక్కసారి దించిన ఆల్బమ్‌కి రెండు నెలల తర్వాత కూడా నోటీసు రావడానికి తరచూ కారణం ఇదే. తర్వాత రౌటర్: పెట్టె మీద అంటించిన పాస్‌వర్డ్ మార్చాలి, వైఫై భద్రత సెట్టింగులో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టాలి, బటన్ నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపెయ్యాలి. కలిసిన పరికరాల జాబితాలో తెలియనివేమైనా ఉన్నాయేమో చూసి స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. వారాంతానికి వచ్చే చుట్టాలకి, స్నేహితులకి గెస్ట్ వైఫై ఇవ్వండి. అద్దె తలా ఇంత అని పంచుకున్నంత మాత్రాన నోటీసు పంచుకోలేరు, అది ఖాతా ఎవరి పేరు మీదుంటే వాళ్ళకే వస్తుంది. తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 2018లో ఓ సినిమా కంపెనీ కేసులో, కనెక్షన్ ఫలానావారిది అన్న ఒక్క కారణం చేత వాళ్ళే చేశారనడం చెల్లదంది. ఆ కోర్టు పరిధి కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రం, అరిజోనా వైపు. టెక్సాస్ అందులోకి రాదు. వేరే కోర్టుల్లో వాదనకి పనికొస్తుంది గానీ కట్టుబడి ఉండాలని లేదు.

దావా పడే అవకాశం ఎంత? రికార్డు కంపెనీలు 2008 తర్వాత మామూలు వాడకందారుల మీద గుంపుగా దావాలు వెయ్యడం మానేశాయి. ఈమధ్య జాన్ డో కేసుల్లో ఎక్కువ భాగం పెద్దలకు మాత్రమే అనే వీడియోలు తీసే కంపెనీలవి, కొన్ని సినిమా కంపెనీలవి. ఒక్క ఆల్బమ్ నోటీసు కోర్టు దాకా వెళ్ళడం అరుదు. కానీ కాపీరైట్ దావా వెయ్యడానికి గడువు మూడేళ్ళు, అందుకే మెయిల్ దాచమన్నది. అంతకంటే దగ్గర ప్రమాదం కనెక్షన్ పోవడం. కస్టమర్ల తప్పుకి తన మీద దావా పడకుండా డీఎంసీఏ ఇచ్చే రక్షణ కావాలంటే, నోటీసులు పదేపదే వచ్చినవాళ్ళ ఖాతా మూసే విధానం ఇంటర్నెట్ కంపెనీకి ఉండాలి. అది సరిగ్గా అమలు చెయ్యలేదని 2019లో జ్యూరీ కాక్స్ మీద 10,017 పాటలకి 100 కోట్ల డాలర్లు వేసింది. ఆ మొత్తాన్ని 2024లో అప్పీలు కోర్టు కొట్టేసింది, కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. కానీ అంత అంకె చూశాక కంపెనీలు నోటీసుల్ని తేలిగ్గా తీసుకోలేదు.

వీసా సంగతి. ఈ నోటీసు సివిల్ వ్యవహారం. దానంతటదే సెవిస్ అనే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులోకి ఎక్కదు. వీసా ఫారంలో అడిగే అరెస్టు, శిక్ష కిందికీ రాదు. క్రిమినల్ కేసు కావాలంటే చట్టంలో హద్దులున్నాయి, ముఖ్యంగా ఇవి: లాభం కోసం చెయ్యడం, లేదా 180 రోజుల్లో 1,000 డాలర్ల చిల్లర విలువ దాటిన కాపీలు చెయ్యడమో పంచడమో, అదీ ఉద్దేశపూర్వకంగా. అసలు ఇబ్బంది క్యాంపస్ నెట్‌వర్క్‌లో చేస్తే వస్తుంది. అక్కడ వైఫైకి యూనివర్సిటీ ఐడీతోనే లాగిన్ అవుతారు కాబట్టి ఏ ఐపీ ఎవరిదో నిమిషాల్లో తేలిపోతుంది. 2008 చట్టం ప్రకారం ఫైల్ షేరింగ్‌ని అరికట్టే ప్రణాళిక, ఫెడరల్ విద్యార్థి సాయం పథకాల్లో ఉన్న ప్రతి యూనివర్సిటీకీ ఉండాలి. మొదటిసారి నెట్ ఆపి, ఒక చిన్న పాఠం చదివించి వదులుతారు. పదే పదే జరిగితే క్రమశిక్షణ చర్య. సస్పెండ్ చేసి నమోదు పోతే అప్పుడు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా స్టేటస్ కదులుతుంది. కోర్టు సబ్‌పీనా మీద విద్యార్థి పేరు ఇవ్వాల్సి వచ్చినా, విద్యార్థుల రికార్డుల గోప్యత కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం మామూలుగా ముందు ఆ విద్యార్థికి తెలిపే ప్రయత్నం చెయ్యాలి.

"వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుందిగా" అని రూమ్మేట్లలో ఎవరో ఒకరు అంటారు. వీపీఎన్ అంటే మీ నెట్ వాడకాన్ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా మళ్ళించేది. చేసే పని తప్పొప్పులు దానివల్ల మారవు, చూసేవాడు మారతాడంతే. ఇంటర్నెట్ కంపెనీ బదులు వీపీఎన్ కంపెనీని నమ్ముతున్నారు. ఉచిత వీపీఎన్ అయితే ఖర్చు ఎవరు పెడుతున్నారో ఆలోచించండి. ఇండియాలో సర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు అయిదేళ్ళు ఉంచాలి. అది నచ్చక కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లే ఎత్తేశాయి.

పైన ఎంపీత్రీ సైట్ల మాట అన్నాను కదా. అక్కడ మీ వివరాలు కాపాడాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సినిమాల సైటు నడిపిన వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు, లక్షల మంది వాడకందారుల డేటా అతని దగ్గరుందని కమిషనర్ చెప్పారు. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకి ఏ గొడవా ఉండదా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. 2005లో సోనీ బీఎంజీ కొన్ని ఆడియో సీడీల్లో కాపీ కాకుండా ఒక ప్రోగ్రామ్ పెట్టింది. అది విండోస్‌లో కనబడకుండా దాక్కునేది. కొన్నవాళ్ళ కంప్యూటర్లో వైరస్‌లు దాక్కోవడానికి చోటు చేసింది, తీసెయ్యబోతే సీడీ డ్రైవే పనిచెయ్యకుండా పోయేది. మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు అక్టోబరు 31న దాన్ని బయటపెట్టాడు. కంపెనీ సీడీలు వెనక్కి తీసుకుంది, 2007లో అమెరికా వినియోగదారుల వ్యవహారాలు చూసే ఎఫ్‌టీసీతో ఒప్పందం చేసుకుని, కంప్యూటర్ పాడైనవాళ్ళకి 150 డాలర్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకుంది. టొరెంట్‌లో దించినవాడికి రాని తిప్పలు డబ్బిచ్చి కొన్నవాడికి వచ్చాయి.

చివరగా ఒక హెచ్చరిక, మీ బంధువులెవరైనా జర్మనీలో చదువుతుంటే పై సలహా వాళ్ళకి చెప్పకండి. అక్కడ రైట్స్ ఉన్న కంపెనీ ముందే కోర్టు అనుమతితో ఇంటర్నెట్ కంపెనీ నుంచి పేరు తెప్పించుకుంటుంది, ఆ తర్వాతే లాయరు నుంచి ఆప్‌మానుంగ్ అనే ఉత్తరం పేరూ చిరునామాతో సహా తపాలాలో వస్తుంది. గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఊరుకుంటే కోర్టు ఆర్డరు తెచ్చుకుని ఆ ఖర్చు కూడా మీ మీదే వేస్తారు. అందులో జతచేసిన హామీపత్రం యథాతథంగా సంతకం పెట్టినా ఏళ్ళ తరబడి కట్టుబడాలి. గడువులోపు అక్కడి లాయరుకి గానీ, వినియోగదారుల కేంద్రానికి గానీ చూపించి, మార్చిన హామీపత్రం పంపడం అక్కడి పద్ధతి.